ఎవరిదీ కాని పచ్చసొన

తెల్లసొన ఆయనది. పచ్చసొన ఎవరిదీ కాదు.

రోజూ పొద్దున్న ఆరింటికి ఆమె రెండు గుడ్లు పగలగొడుతుంది. ఒక చిప్పలోంచి ఇంకో చిప్పలోకి, అందులోంచి మళ్ళీ ఇందులోకి నాలుగుసార్లు దొర్లిస్తే తెల్లసొనంతా కిందున్న గిన్నెలోకి జారిపోతుంది. ఎనిమిది నెలల్లో ఒక్క పచ్చసొనా చిట్లలేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చూపు అక్కడే ఉండిపోతుంది. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుగునీ తనలోకి లాక్కుని, చిప్పలో గుండ్రంగా కూర్చున్న ఆ పసుపు. దాని లోపల ఒక గది ఉన్నట్టనిపిస్తుంది. మూలలు లేని గది, తలుపు లేని గది. అందులో ముడుచుకుని పడుకుంటే బయటినుంచి ఎవరూ పిలవరు, పిలిచినా వినబడదు. ఈలోగా వెనకనుంచి “ఇంకా కాలేదా?” అని ఆయన గొంతు. ఆమె ఉలిక్కిపడి, పచ్చసొనలు రెండూ ఒక మూతలో వేసి కిటికీ అవతల గోడమీద పెడుతుంది. పక్కింటి పిల్లి వచ్చి నాకేస్తుంది.

ఆ పిల్లిని మీరు చూసి తీరాలి. ఎనిమిది నెలల కిందట ఎముకల పోగు. ఇప్పుడేమో బొచ్చు నిగనిగలాడుతూ, గోడంతా తన పేరనే రాసిచ్చినట్టు నడుస్తుంది. ఇటు ఆమె దువ్వెనకి రోజూ గుప్పెడు జుట్టు. ఆ ఇంటి తిండి ఎవరికైనా ఒంటబట్టిందంటే ఆ పిల్లికే.

ఇదంతా ఎలా మొదలైందంటే, ఆయనకి ఒక సాయంత్రం ఛాతీలో పట్టేసినట్టయింది. పెద్ద గండమేమీ కాదు. గుండె డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: వేపుళ్ళు తగ్గించండి, నూనె కొలిచి వాడండి, నడవండి. ఇల్లు చేరేసరికి ఆ ‘తగ్గించండి’ కాస్తా ‘మానెయ్యండి’ అయికూర్చుంది. “తగ్గించడమేమిటి, మొత్తం మానేస్తే పీడా పోతుంది,” అన్నారు అత్తగారు. నూనె సీసా ఆవిడ అలమరలోకి వెళ్ళింది. వెన్న డబ్బా ఎక్కడికి వెళ్ళిందో తెలియలేదు. “మరి నాకు వేరేగా కొంచెం...” అని ఆమె మొదటి వారంలో ఒక్కసారి నోరు తెరిచింది. “ఒక ఇంట్లో రెండు వంటలా? మొగుడు తినకూడనిది పెళ్ళాం నోట్లోకి ఎలా దిగుతుందమ్మా?” అన్నారు అత్తగారు, కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆవిడ మాత్రం మినహాయింపు. ఈ వయసులో మానేసి ఒరిగేదేముంది అని, వెన్న బిస్కట్ల డబ్బా ఒకటి మంచం కింద ఉంచుకున్నారు. ఆ సంగతి ఇల్లు ఊడ్చేవాళ్ళకి తెలుస్తుంది కదా. ఊడ్చేది ఆమే.

డాక్టరు దగ్గర డైటీషియన్ ఒక పుస్తకం ఇచ్చింది. రోజుకో పేజీ. ఏం తిన్నారు, ఎంత నూనె, ఎంత నడిచారు, చివర్లో ఒక గడి: ‘ఇవాళ మనసు ఎలా ఉంది?’ అట్ట మీద పేరు ఆయనది. రాయాల్సింది కూడా ఆయనే. కానీ మొదటిరోజే ఆయన దాన్ని వంటింటి గట్టు మీద పడేసి, “వంట చేసేది నువ్వే కదా, నువ్వే రాసెయ్,” అన్నాడు. సరే, తిండి రాసింది. నూనె దగ్గర సున్నా చుట్టింది. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. “మనసు ఎలా ఉందో రాయాలిట. ఏం రాయమంటారు?” అని అడిగింది. ఆయన చెప్పులేసుకుంటూ, “నీకు తోచింది రాయి,” అన్నాడు.

ఆమెకు తోచింది రాసింది. ‘పర్లేదు’ అని కొన్నాళ్ళు రాసింది. తరవాత ‘మబ్బుగా’ అని. ఒకరోజు ‘ఏమీ లేదు’ అని. అంత చిన్న గడిలో ఆమె మెల్లగా కాపురం పెట్టేసింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇంత మర్యాదగా ఎవరైనా ఆ ప్రశ్న అడిగారా? అచ్చు అక్షరాల్లో, రోజూ, మర్చిపోకుండా! ఆయన అడిగేదల్లా, “ఏంటా మొహం? ఛాతీ నొప్పొచ్చింది నాకా నీకా?” అని. అది ప్రశ్న కాదని ఎవరికి తెలియదు?

నిజానికి ఆమె మొహం వేలాడేసుకోలేదు. మొహం ఉన్న సంగతే మర్చిపోయిందంతే. రోజులు నీళ్ళలోంచి చూసినట్టు కదులుతున్నాయి. బస్సులో కూర్చుంటే దిగాల్సిన చోటు దాటిపోయేది. తడి వీధుల్లో దీపాలు ఇంతింతయి కనబడేవి, వాటిని చూస్తూ నిలబడిపోయేది. అలాంటప్పుడు ఎక్కడినుంచో చిన్నప్పటి వంటిల్లు వచ్చేది. అమ్మ వెన్న తీసే రోజు. గోరువెచ్చటి గది, చల్లటి గిన్నె. “పట్టవే,” అంటూ అమ్మ అరచేతిలో ఒక ముద్ద పెట్టేది. అది కరిగి మోచేతిదాకా కారేది. పిల్ల మోచెయ్యి నాకలేక గిరగిరా తిరుగుతుంటే అమ్మ పడీపడీ నవ్వేది. ఆ నవ్వు వరకూ వచ్చి కల ఆగిపోయేది. నాలుక మీద రుచి మాత్రం వచ్చేది కాదు. రుచి కోసం కళ్ళు మూసుకుని ఎంతగా వెతికినా దొరికేది కాదు.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. వచ్చినవాళ్ళని చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక్కొక్క అద్దమే మారుస్తూ “ఇప్పుడెలా ఉంది? ముందుదా, ఇదా?” అని అడగడం ఆమె పని. ఆ పనిలో ఆమెకి పేరుంది. షాపు ఓనరు తమ్ముడు చూసినా సరే, “ఆ అమ్మాయితో ఇంకోసారి చూపిస్తారా?” అని అడిగేవాళ్ళు జనం. పోయిన నెల ఒక పెద్దాయన వచ్చాడు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనాయన. అద్దం పెట్టి, “ఇప్పుడెలా ఉందండీ?” అంది.

“మసగ్గా ఉందమ్మా,” అన్నాడాయన.

“నాక్కూడా,” అంది ఆమె.

అద్దం మార్చలేదు. ఆ పెద్దాయన పాపం చాలాసేపు చూసి, “ఏమ్మా, ఒంట్లో బాలేదా?” అన్నాడు. తెర పక్కనే ఉన్న ఓనరు విననే విన్నాడు. “ధ్యాస ఎక్కడ పెట్టుకుంటావమ్మాయ్? ఇంటి గొడవలు ఇంట్లో వదిలేసి రావాలి,” అని నలుగురిలో కసిరి, మర్నాటినుంచి ఆమెని ఫ్రేములు తుడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పదేళ్ళ పని ఒక్క మాటతో ఊడింది. ఆ సాయంత్రం గడిలో ‘ఏడుపొచ్చింది, ఏడవలేదు’ అని రాసింది. వారం పోయాక ‘పొద్దున్న లేవాలనిపించలేదు’ అని. రాసి భయపడింది. నాకేమైనా అవుతోందా, లేక అందరూ అన్నట్టు నేనే మొద్దునా? ఎవర్నడగాలి? ఎవర్నడిగినా ముందు ఆయన గుండె సంగతే అడుగుతారు.

ఎనిమిదో నెలలో మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ డైటీషియన్. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల, కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు చివరికి జారుతోంది. చెవి దగ్గర వంచి ఇస్తే సరిపోతుంది కదా అనుకుంటూ ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒక చేత్తో రిపోర్టు, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, అటూ ఇటూ చూసింది.

“సార్, ఈ పుస్తకంలో రాసినట్టు తింటే రిపోర్టు ఇలా రాదండీ. కొవ్వు పోయినసారికంటే పెరిగింది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, బయట ఏం తింటున్నారో చెప్పండి.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి బాగా తెలుసు, తప్పు దొరికినప్పటి నవ్వు. “ఆఫీసులో అందరూ తింటుంటే ఒకటీ అరా తప్పుతుందాండీ? ఇంట్లో ఆ చప్పిడి తిండి తిని ఎవరు బతుకుతారు?”

ఒకటీ అరా! ప్రతివారం ఆయన జేబురుమాళ్ళ మీద జిడ్డు మరకలు సబ్బు పెట్టి రుద్దేది ఎవరు? “బండి గ్రీజు,” అనేవాడు. పదకొండేళ్ళుగా మరకలు ఉతుకుతున్న చేతులు, వెన్నకీ గ్రీజుకీ తేడా తెలియని చేతులా అవి? తెలుసు. ఆ మబ్బులో, తెలిసింది కూడా పట్టించుకోలేదు.

డైటీషియన్ పేజీలు తిప్పుతూనే ఉంది. గొంతు తగ్గించింది. “అది తరవాత మాట్లాడుకుందాం. సార్, నాకు వీటికన్నా ఈ చివరి గడులు భయంగా ఉన్నాయి. ఏడుపొస్తోందని రాశారు. పొద్దున్న లేవాలనిపించలేదని రాశారు. ఎప్పట్నుంచి ఇలా ఉంటోంది?”

“నాకా? ఏడుపా?” ఈసారి ఆయన గట్టిగా నవ్వేశాడు. “నేను శుభ్రంగా ఉన్నానండీ. ఆ పుస్తకం రాసేది ఆవిడ.”

ఆ పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుంది. పుస్తకం మూసి, అట్ట మీది పేరు చూసి, మళ్ళీ తెరిచింది. “అయితే ఎనిమిది నెలలుగా సున్నా నూనెతో, ఒక్క పచ్చసొన లేకుండా, ఇదంతా తిన్నది ఎవరు?”

ఆమె చెయ్యి దానంతటదే లేచింది. బళ్ళో హాజరు పలికే పిల్లలా, సగం వరకే.

“నేనేనండీ,” అంది.

ఆ పిల్ల తన కుర్చీ ఇటు జరుపుకుంది. ఆయన వైపు కాదు, ఈమె వైపు. “చూడండమ్మా, తిండి ఒక్కటే కారణమని నేను చెప్పను. ఎవరూ తేల్చి చెప్పలేదు కూడా. కానీ మన మెదడులో నీళ్ళు తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వే. కొన్ని కొవ్వుల్ని ఒళ్ళు తయారు చేసుకోలేదు, తింటేనే వస్తాయి. చేపల్లో, అక్రోటు గింజల్లో, అవిసె గింజల్లో ఉంటాయి. అవి తక్కువగా తినేవాళ్ళలో దిగులు ఎక్కువ కనబడుతోందని కొందరంటున్నారు, ఇంకా చూస్తున్నారు. మీకు నేను రక్తపరీక్ష రాస్తాను, మనసు చూసే డాక్టరుకి ఉత్తరం రాస్తాను. వెళ్ళండి. ఈలోగా మాత్రం కడుపునిండా తినండి. ఈ పథ్యం మీది కాదు.”

“అబ్బే, అంత దూరం ఎందుకండీ,” అన్నాడు ఆయన. “ఆవిడ చిన్నప్పట్నుంచీ అంతే, ఎప్పుడూ ఏదో లోకంలో ఉంటుంది.” పెళ్ళికి ముందు ఆమెని ఎన్నడూ చూడని మనిషికి ఆమె చిన్నతనం ఎలా తెలుసో, ఆ దేవుడికే తెలియాలి. చిన్నప్పుడు ఆమె మోచేతిదాకా వెన్న పూసుకుని గిరగిరా తిరిగిన పిల్ల.

“ఉత్తరం రాసివ్వండి,” అంది ఆమె డైటీషియన్‌తో. ఆయనకి కొత్త పుస్తకం ఒకటి ఇమ్మని కూడా అడిగింది. లేచేటప్పుడు ఆగి, “మీ కళ్ళజోడు ఒకసారి ఇస్తారా?” అని తీసుకుని, చెవి దగ్గర మెల్లగా వంచి, ఆ పిల్లకి పెట్టి చూసింది. “ఇప్పుడెలా ఉంది?”

“జారట్లేదు,” అంది ఆ పిల్ల, ఆశ్చర్యంగా.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆమె నాలుగు గుడ్లు తీసింది. రెండింటిని ఎప్పట్లా విడదీసి, ఆయన తెల్లసొన ఆయనకి చేసింది. ఇంకో రెండింటిని పెనం మీదికి అలాగే, పచ్చసొనతో సహా జార్చింది. కిందటి సాయంత్రం వస్తూ వస్తూ కొనుక్కొచ్చిన వెన్న అప్పటికే పెనం మీద చిటపటలాడుతోంది. ఆ వాసనకి అత్తగారు గుమ్మందాకా వచ్చారు. “వాడి ఎదురుగా తింటావుటే?” అన్నారు.

“మంచం కింద దాచుకుని తినడం నాకు చేతకాదత్తయ్యా,” అంది ఆమె. అత్తగారు వంటింట్లోకి ఒకసారి, తన గదిలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగారు.

ఆమె పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గర ఆయనకెదురుగా కూర్చుంది. ఆ బల్ల దగ్గర పొద్దుటిపూట కూర్చోవడం ఆమెకి అదే మొదలు. కొత్త పుస్తకం, పెన్ను ఆయన పళ్ళెం పక్కన పెట్టింది.

“ఇదేంటి?”

“మీ పుస్తకం. మీరే రాసుకోండి. ఆఫీసులో ఏం తిన్నారో నాకేం తెలుసు?”

“మరి ఆ పాతది?”

“అది నాది,” అంది.

చెంచా తగలగానే పచ్చసొన చిట్లి, పళ్ళెమంతా మెల్లగా పరుచుకుంది. తలుపు లేని ఆ గదిలోకి ఇన్నాళ్ళకి దారి దొరికినట్టయింది. మొదటి ముద్దకి రుచి తెలియలేదు. రెండోదానికి తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. గోడమీద పిల్లి వచ్చి కూర్చుని, ఖాళీ మూత వాసన చూసి, మ్యావుమని గట్టిగా నిలదీసింది. పాపం, దాని తప్పేం లేదు.

పళ్ళెం తుడిచినట్టు తినేసి, పాత పుస్తకం దగ్గరకి లాక్కుంది. అట్ట మీద ఆయన పేరు కొట్టేసి తన పేరు రాసింది. పేజీ తిప్పి, గుడ్లు రెండు అని రాసింది, వెన్న అని రాసింది. చివరి గడి దగ్గర పెన్ను ఎప్పట్లాగే ఆగింది. ఇవాళ మనసు ఎలా ఉంది? ‘బాగుంది’ అని రాస్తే అబద్ధం. ‘మబ్బుగా’ అన్నా పూర్తి నిజం కాదు. ఎదురుగా ఆయన కొత్త పుస్తకాన్ని వేలితో కదుపుతూ ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, ‘ఇంకా ఆకలిగా ఉంది’ అని రాసి, లేచి వెళ్ళి ఇంకో గుడ్డు తీసింది.