తాయారు బండి చక్రం కింద రాయి

చోడవరం డిగ్రీ కాలేజీ గేటు పక్కన తాయారు టిఫిన్ బండి పెట్టి పదకొండేళ్లయింది. ఇడ్లీలు ఆవిడ వేస్తే చట్నీ ఆవిడ మొగుడు జగ్గయ్య రుబ్బేవాడు. అక్కడ రోడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి, బండి జారిపోకుండా చక్రం కింద ఒక నల్లరాయి అడ్డం పెట్టేవారు. చూడ్డానికి కొబ్బరికాయంతే గానీ నాలుగు కిలోల బరువు.

ఆ రాయంటే తాయారుకి ఒళ్లుమంట. జగ్గయ్య వయసులో ఉన్నప్పుడు, ఖనిజాల కోసం నేలలోకి బోర్లు వేసే జట్టులో డ్రిల్లర్‌గా ఊళ్లు తిరిగాడు. మధ్యప్రదేశ్‌లో బేతుల్ వైపు కొండల్లో బోరు మిషను నిలబెట్టడానికి నేల చదును చేస్తుంటే ఈ రాయి బయటపడిందట. ఆఫీసరు చూసి, ఇందులో జింకూ సీసమూ ఉన్నాయి, వెండి కూడా ఉండొచ్చు, కానీ గని తవ్వేంత లేదని చెప్పి దాన్ని జగ్గయ్యకే ఇచ్చేశాడట. బట్టలు సగం అక్కడే వదిలేసి, ట్రంకుపెట్టెలో ఆ రాయిని ఇంటికి మోసుకొచ్చాడు. కొత్తలో తళతళలాడేది. ముప్పై ఏళ్లలో నల్లబడిపోయింది.

వెండి రాయి అన్నందుకు చుట్టాలంతా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది తాయారే. "మా ఆయన ఎండి తెచ్చేడు, సూడండి!" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించేది. పోనుపోను జగ్గయ్య దాని ఊసెత్తడం మానేశాడు. చివరికి తాయారు దాన్ని తెచ్చి చక్రం కింద పెట్టేసింది.

ఈ ఏడు జూలైలో కాలేజీకి జియాలజీ చెప్పడానికి గౌతమి అనే కొత్త మేడం వచ్చింది. ఒక పొద్దున్న ఇడ్లీ తింటూ ఉంటే ఆమె కాలికి రాయి తగిలింది. వంగి, చక్రం కిందనుంచి కాస్త ఎత్తి చూసింది.

"ఇంత చిన్న రాయికి ఇంత బరువేంటమ్మా?"

"మా ఆయన్నడగండి మేడంగోరూ. ఎండి రాయంట" అంది తాయారు అలవాటుగా.

గౌతమి నవ్వలేదు. "ఒక మూల పగలగొట్టి చూడొచ్చా?" అంది.

ఇన్నేళ్లూ జగ్గయ్య ఆ రాయి మీద సుత్తి పడనివ్వలేదు. చట్నీ చేత్తోనే నిలబడిపోయి పెళ్లాం వైపు చూశాడు.

"కొట్టమ్మా, తేలిపోతాది" అంది తాయారు.

చక్రానికి ఇటుక అడ్డం పెట్టారు. గౌతమి లేబులోంచి సుత్తి తెచ్చి ఒక్క దెబ్బ వేసింది. లోపల తేనెరంగు చారలు, వాటి మధ్య కొత్త స్టీలు గిన్నెలా మెరిసే బుల్లి బుల్లి చదరాలు.

"ఈ మెరిసేదాంట్లో సీసం ఉంది. తేనెరంగుదాంట్లో జింకు. అంచున పచ్చగా ఉన్నది అగ్నిపర్వతం రాయి. ఎప్పుడో సముద్రం అడుగున అగ్నిపర్వతాలు రగులుతున్నప్పుడు మరిగే నీళ్లు వీటిని పైకి తెచ్చి పేర్చాయి. తాతగారూ, మన వైపు ఇలాంటిది దొరకదు. ఎక్కడిదిది?"

జగ్గయ్య చెప్పబోయాడు. ఈలోగా తాయారే చెప్పేసింది, బేతుల్ కొండలతో సహా.

"మరి ఎండి మాటేటి?" అని అడిగింది చివర్లో.

"ఉన్నా కంటికి కనపడదమ్మా. ఈ పగిలిన ముక్కని విశాఖపట్నంలో టెస్టు చేయిస్తాను. సీసం ఉంది కదా, రాయిని టిఫిన్ల దగ్గర ఉంచకండి. చేతులు కడుక్కోండి."

తాయారు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

పన్నెండు రోజులు పట్టింది. జగ్గయ్య ఒక్కసారీ అడగలేదు. తాయారు మాత్రం మేడం కనపడితే చాలు, "వచ్చిందేటమ్మా?" అనేది. రిపోర్టు వచ్చిన పొద్దున్న గౌతమి గేటు దగ్గర్నుంచే కాగితం ఊపుకుంటూ వచ్చింది.

"వెండి ఉంది! టన్నుకి నూట ఎనభై గ్రాములు."

"మరి మా రాయిలో ఎంతుంటాది?"

గౌతమి లెక్కకట్టింది. "ఒక్క గ్రాము కూడా రాదమ్మా."

తాయారు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "తక్కువైతే ఏటి, ఎండి ఎండే కదా! మా ఆయన అబద్దమాడనేదు. ఇంటన్నావా? నాదే తప్పయ్యా."

జగ్గయ్య చట్నీ గిన్నె దించాడు. "ఇనబడనేదు. ఇంకోపాలి సెప్పు" అన్నాడు. బండి చుట్టూ ఉన్న పిల్లలు ఈలలు వేశారు.

రాయి కాలేజీ మ్యూజియానికి వెళ్లింది. కింద చీటీ మీద ఇచ్చినవారు డ్రిల్లర్ జగ్గయ్య అని రాశారు. దానితోపాటు, బోరు ఎలా వేస్తారో వచ్చి ఒక క్లాసు చెప్పమని గౌతమి ఆయన్ని పిలిచింది. ఆ రోజు తాయారు బండి మూసేసి, పట్టుచీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది.

బోర్డు ముందు నిలబడ్డ జగ్గయ్యకి చెమటలు పట్టాయి. నలభైమంది పిల్లలు చూస్తున్నారు. సుద్దముక్క తీసి మళ్లీ పెట్టేశాడు.

"ఓలమ్మో! వానల్లో బోరులో రాడ్లు ఇరుక్కుపోయి, రెండ్రోజులు తిండి నేకుండా లాగేరు కదా, అది సెప్పయ్యా!" అని వెనకనుంచి కేకేసింది తాయారు.

అంతే, జగ్గయ్య నోరు విప్పాడు. రాడ్ల కథ, గుడారంలోకి ఎలుగుబంటి దూరిన కథ, రాడ్డు చివర వజ్రాలు పొదిగిన బిట్టు రాతిని కోస్తుంటే చప్పుడు విని ఏ రాయో చెప్పగలిగిన కథ. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "తాతగారూ, బోరు ఎంత లోతు వేసేవారు?"

జగ్గయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"మూడొందల మీటర్లు!" అంది తాయారు వెనక బెంచీలోంచి.