కిటికీ దగ్గర పళ్ళ డాక్టరు

పళ్ళ డాక్టరు ఆ మూతపడ్డ కోడివేపుడు కొట్టును తీసుకోవడానికి కారణం ఒక్కటే. అందులో ఎక్కడ చూసినా నీళ్ళ గొట్టాలే. పళ్ళ కుర్చీకి నీళ్ళు రావాలి, పోవాలి. ఆ వీధిలో ఒకప్పుడు వరసగా నాలుగు తిండికొట్లు. ఒకటి కళ్ళజోళ్ళ షాపయింది, ఒకటి జిమ్మయింది, మూడోదాని అద్దాలకు ఇంకా పాత పేపర్లే అంటించి ఉన్నాయి. నాలుగోది డాక్టరు పాలబడింది. మూడు పూతలు రంగు వేయించినా గోడలు వేపుడు వాసన వదల్లేదు.

మొదటి రెండు రోజులూ ఒక్క పన్ను రాలేదు. కార్లు మాత్రం వచ్చి, కాసేపాగి వెళ్ళిపోయేవి. కారు దిగకుండా తిండి కొనుక్కునేవాళ్ళ కోసం పాత యజమాని పక్కగోడకు ఒక కిటికీ, దానికి ముందు ఒక స్పీకరు పెట్టె పెట్టించాడు. మూడో రోజు డాక్టరు స్విచ్చులన్నీ వేసి చూస్తుంటే, బల్ల మీది మైకు పెట్టెలోంచి గరగరమంటూ ఓ గొంతు వినబడింది.

"రెండు పెద్ద బర్గర్లు. కారం ఎక్కువ."

"అయ్యా, ఇది పళ్ళాసుపత్రి."

"అలాగా? అయితే చిప్స్ చాలు."

ఆ వైరు పీకించేద్దామని డాక్టరు ఎలక్ట్రీషియన్‌కు కబురు పెట్టాడు. అతనికంటే ముందు పిన్ని వచ్చింది. బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకులో బస్సుల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో తోచక, అక్కకొడుకు దగ్గర చీటీలు రాస్తానంది. మైకు చూడగానే ఆమె మొహం చేటంతయింది.

ఇంతలో టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. "ఒక చల్లటి డ్రింకు. ఐస్ వద్దు."

"ఐస్ ఎందుకొద్దు నాయనా?" అంది పిన్ని.

"పన్ను జివ్వుమంటుందండీ."

"కారు పక్కన పెట్టి లోపలికి రా."

అలా వచ్చాడు మొదటి పేషెంటు. నెల తిరిగేసరికి వరండాలో కుర్చీలు చాలలేదు. డాక్టరు ఎలక్ట్రీషియన్ మాటే ఎత్తలేదు.

కానీ అలవాటు ఊరుకుంటుందా? ఒక సాయంత్రం, ఎదురుగా ఉన్న బడి వదిలే వేళకు, పిన్ని బయటి స్పీకరు సౌండు పెంచి, మైకులో తీరిగ్గా అందుకుంది. "దయచేసి వినండి. హెడ్మాస్టరుగారి పై దవడ కట్టుడుపళ్ళ సెట్టు సిద్ధంగా ఉన్నది."

వీధంతా విన్నది. బడంతా విన్నది. హెడ్మాస్టరు చిందులు తొక్కుతూ వచ్చాడు. "పదేళ్ళుగా మా ఆవిడకు తప్ప నరమానవుడికి తెలియని సంగతండీ!"

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. సెట్టు చేతిలో పెట్టి, పదిసార్లు క్షమాపణ చెప్పి పంపించాడు. "పిన్నీ, ఇంక ఆ మైకు ముట్టుకోకు," అన్నాడు. పిన్ని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరు ఒకాయన నోట్లో వేళ్ళు పెట్టి ఉండగా మైకు అరిచింది. "హలో! లెగ్ పీసులున్నాయా?" కుర్చీలో ఉన్నాయన నవ్వాపుకోలేక పళ్ళు బిగించాడు. మధ్యలో డాక్టరు వేలుంది.

ఆ మధ్యాహ్నమే డాక్టరు కట్టు కట్టిన వేలితో వెళ్ళి పిన్ని ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైందిరా ఆ వేలికి?"

"కరిచారు."

"మంచి పని చేశారు." అయినా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. "పేర్లు చెప్పను. అంతకంటే తగ్గను."

"నువ్వు రా, చాలు."

పిన్ని వచ్చిన మూడో రోజు ఒక తెల్ల కారు కిటికీ దగ్గర ఆగింది. లోపల హెడ్మాస్టరు. కొత్త సెట్టు ఎడమవైపు గుచ్చుకుంటోందట. లోపలికి రావడానికి మొహం చెల్లడం లేదట.

"తెల్ల కారు," అంది పిన్ని గొంతు తగ్గించి.

డాక్టరు చిన్న ఆకురాయి పట్టుకుని నడుం దాకా కిటికీలోంచి బయటికి వంగాడు. హెడ్మాస్టరు సెట్టు తీసి అతని చేతిలో పెట్టి, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వెనక కారువాడు హారన్ మోగించి, "ఇంకెంతసేపండీ? మా ఆర్డరు కూడా ఉంది!" అని కేకేశాడు.