ఎలెనా పేరుతో వెళ్ళిన ఉత్తరం

మిట్టమధ్యాహ్నం అమెరికాలోని హెర్న్‌డన్‌లో కుర్చీలోంచి కదలకుండా దేదీప్య, సైప్రస్ ద్వీపంలో హోటల్ గదులు తుడిచే ఒక ఆడమనిషిని ఉద్యోగంలోంచి తీసేసింది. తీసేసి, డబ్బా మూత తెరిచి పులిహోర తినసాగింది. ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియదు చూడండి, ఆరు నెలలుగా ఆమె మనసూ అంతే.

మాస్టర్స్ చేసిన పిల్ల. చక్రపాణి కన్సల్టెన్సీలో కాగితం మీద డేటా అనలిస్టు. చేసేది మాత్రం ఆ ద్వీపపు హోటళ్ళ తరఫున ఉత్తరాలు రాయడం. ఒక హోటల్‌కి ఆమె ఎలెనా, ఇంకో హోటల్‌కి ఆయిషె. ద్వీపాన్ని ముళ్ళకంచె రెండుగా చీల్చింది. ఇటు గ్రీకువాళ్ళు, అటు టర్కీవాళ్ళు. రెండు వైపులా టూరిస్టు వస్తేనే పొయ్యి వెలుగుతుంది. హోటళ్ళ యజమాని మాత్రం రెండు వైపులా ఒకడే, పెట్టుకున్న పేర్లే వేరు. కంచె కూలివాళ్ళకి గానీ సొమ్ముకి అడ్డమా?

వేసవంతా సెలవు లేకుండా చాకిరీ చేయించుకుని, చలికాలం రాగానే ఇళ్ళకి పొమ్మంటే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. కంచెకి ఇటూ అటూ ఒకే రోజు చీపుర్లు కింద పెట్టారు. నూట నలభై మంది. అందరికీ తొలగింపు ఉత్తరాలు పంపమని చక్రపాణికి ఆర్డరొచ్చింది. మొదటిది ఇప్పుడే దేదీప్య చేతిమీదుగా రాజేశ్వరమ్మ అనే ఆమెకు వెళ్ళింది.

పులిహోర సగమైనా కాకముందే చాట్‌లో జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"ఎలెనా గారండీ, గది ఖాళీ చేసి 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అన్నారు. తెల్లోళ్ళు అలా రాయరండి. మా రాజోలు ఏజెంటు ఉత్తరాల్లో ఇదే ముక్కుండేది. తెలుగోరైతే ఇది చదవగలరు. మీదే ఊరండి?"

దేదీప్య చెంచా ఆగిపోయింది. సిగ్గేసింది. ఆరు నెలల్లో ఆమెకంటూ ఏదైనా అనిపించడం అదే మొదలు.

"ఖమ్మం," అని కొట్టింది.

"తల్లీ, నువ్వు తీసేసినా, వీసా పోద్దని ఈళ్ళు బెదిరించినా నేను కదల్ను. గేటు కాడ ఇటు మేం, కంచె అవతల ఆళ్ళు. ఆళ్ళ మాట మాకు రాదు, మాది ఆళ్ళకి రాదు. అయినా ఒక్క మాట మీదున్నాం. మిగిలినోళ్ళకి మాత్రం పంపకమ్మా."

దేదీప్య స్క్రీన్‌ని పక్కవాళ్ళ వైపు తిప్పింది. మిగతా పదకొండుమందీ మూగారు. అందరూ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళే.

"పాపమే గానీ, మన సంగతేంటి?" అన్నాడు గుంటూరు సాయి తేజ. "జాబ్ పోతే తొంభై రోజులే. ఆ తర్వాత ఫ్లైట్ ఎక్కాల్సిందే."

"ఆమెనూ వీసాతోనే బెదిరిస్తున్నరు, మనల్నీ వీసాతోనే," అంది దేదీప్య. "రేపు మన లెటర్ టైప్ చేసేటోడు కూడా ఇంకో దిక్కులేనోడే."

ఇంతలో చక్రపాణి వచ్చాడు.

"ఏంట్రా, మీటింగా? సార్ అనకండి, అన్నా అనండి అని చెప్పానా? మరి అన్న మాట వినరా? దేదీప్యా, కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా. నూట ముప్పై తొమ్మిది మెయిల్సే కదా, పంపెయ్."

"పంపను సార్."

ఆ 'సార్' అతనికి చెంపదెబ్బలా తగిలింది.

"అయితే ఇవాళే టెర్మినేట్ చేస్తా. నీ తొంభై రోజులు ఇప్పట్నించే స్టార్ట్. సాయీ, నువ్వు పంపు."

సాయి తేజ ముఖం పాలిపోయింది. కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు, తీసేశాడు.

"నావల్ల కాదు సార్."

తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. గొంతులు పీలగానే ఉన్నాయి, కానీ ఒక్కటీ వెనక్కి తగ్గలేదు.

చక్రపాణి ఫోనందుకుని అందరి లాగిన్‌లూ ఆపేయమని ఎవరిమీదో అరిచాడు. ఆ కోపంలో ఉత్తరాలు పంపే దారి కూడా తనే మూసుకుంటున్నానని తోచలేదు. ఆ కాస్త వ్యవధిలో దేదీప్య 'మేమెవ్వరం పంపం' అని చాట్‌లో కొట్టింది; వెంటనే రాజేశ్వరమ్మ ప్రశ్న వెలిగింది.

"ఎంతమందున్నారమ్మా మీరు?"

"పన్నెండు మందిమి."

"ఇక్కడ నూట నలభై. అయితే నూట యాభై రెండు."

స్క్రీన్ నల్లబడింది.

"బయటికి పొండి, లేకపోతే పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి సార్," అంది దేదీప్య. భయమేస్తోంది. తెలుస్తోంది, బాగా తెలుస్తోంది. అయినా ఆమె లేవలేదు.

పోలీసులు మెట్లెక్కి వచ్చేసరికి పన్నెండు కుర్చీలూ నిండే ఉన్నాయి.