పాదరసం తుడిచిన చేతులు

“మినిట్స్ ప్లీజ్,” అన్నాడు కార్యదర్శి హార్‌గ్రీవ్.

నాగేశ్వరి సరేనని తలూపి పరిగెత్తింది. వంటగది అల్మరాలోంచి పుదీనా బిళ్లల డబ్బా తీసి, వెండి గిన్నెలో పోసి, నిమిషం తిరక్కుండా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన బిళ్లల్ని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ బిళ్లల్ని చూశాడు. భోజనం ముగించి బల్ల చుట్టూ కూర్చున్న పద్నాలుగు మందీ గొల్లుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకి తెలియలేదు. తననే చూసి నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. ఆ సంగతి అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

లండన్ నడిబొడ్డున నాలుగంతస్తుల పాత ఇల్లు అది. విజ్ఞానశాస్త్ర చరిత్రని కాపాడడానికి దేశమంతటికీ కలిపి పెట్టుకున్న సంఘానిది. అందులో సభ్యుల్ని ఫెలోలంటారు. నంద్యాల కాలేజీలో ఫెలో అంటే తిట్టు. ఇక్కడ అది బిరుదు, పేరు పక్కన రాసుకుంటారు. ఫెలోలు చరిత్ర తవ్వుతారు, నాగేశ్వరి గదులు తుడుస్తుంది. దుమ్ము మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆమెకి గంటకి పన్నెండు పౌన్ల ఇరవయ్యొక్క పెన్నీలు. అదీ సంఘం ఇచ్చేది కాదు, మధ్యలో ఏజెన్సీ ఉంది. భర్త పార్థసారథికి స్టీవెనేజ్‌లో కాంట్రాక్టు ఉద్యోగం మార్చిలో అయిపోయింది. హారోలో వాళ్లుండే ఫ్లాటు ఇప్పుడు ఈ గంటల మీదే నిలబడి ఉంది.

వంటగదిలోకి వచ్చేసరికి సూపర్వైజర్ నిశాంత్ ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. గుంటూరు కుర్రాడు. పెద్దవాళ్లని ఆంటీ అనకుండా చెడ్డ కబురు చెప్పడు.

“ఆంటీ, ఆయన అడిగింది మింట్స్ కాదండీ, మినిట్స్. మీటింగులో ఏం జరిగిందో రాసుకునే పుస్తకం. ఆ పక్క బల్ల మీదే ఉందిగా!”

“జరిగిందంతా రాస్తారా?”

“రాయాల్సింది రాస్తారు. పొద్దున మీటింగులో పుష్పలీల ఆంటీ గురించి కూడా రాశారు.” సింకు దగ్గర నిలబడ్డ పుష్పలీల వైపు చూడకుండానే చెప్పాడు. “మూడో కప్పు పగలగొట్టిందని. వచ్చేవారం నుంచి డ్యూటీల రోటాలో ఆవిడ పేరుండదండీ. సోమవారం వార్షికోత్సవం కదా, బారోమీటరు తుడిచే పని మీదే. లెక్చర్ అయిపోగానే కిందకెళ్లి మొదలెట్టండి.” నేలమాళిగ తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

రోటాకీ రోలుకీ చుట్టరికం లేదు గానీ, దంచడంలో రెండూ ఒకటే. వారానికోసారి ఎవరో ఒకరు పొట్టులా ఎగిరిపోవాల్సిందే.

నిశాంత్ వెళ్లిపోయాడు. పుష్పలీల తడిచేతులు కొంగుకి కాదు, ఏజెన్సీ ఏప్రన్‌కి తుడుచుకుంది. జగిత్యాల మనిషి. యాభై ఎనిమిదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లోనే పని.

“నా కాలం అయిపోయింది చెల్లె. చెయ్యి ఆగుతలేదు, నేనేం జెయ్యాలె? జీపీ డాక్టర్నడిగితె వయసన్నడు. బ్యాంకుల సంతకం కలుస్తలేదన్నరు. రా, బారోమీటరు చూపిస్త.”

నాగేశ్వరి తాళంచెవి తీసుకుంది, ఇద్దరూ నేలమాళిగలోకి దిగారు. కిటికీ లేదు. పనివాళ్లు బట్టలు మార్చుకునేదీ, అన్నం తినేదీ అక్కడే. గోడకి మనిషెత్తు ఇత్తడి బారోమీటరు. సంఘం పెట్టిన మహానుభావుడు వాడిందట. దాని పక్కనే దుమ్ము పీల్చడానికి రోజూ మేడంతా తిప్పే హూవర్.

“ఏం లేదు. ఏటా గోడ మీదికెళ్లి దించి, పండవెట్టి, పాలిష్ కొట్టుడే. అడుగుకెళ్లి తెల్లగ చుక్కలు గారుతయ్. పట్టుకుంటె దొరకయ్, ముత్యాల్లెక్క ఉరుకుతయ్. హూవర్ వెట్టి గుంజాలె.”

నాగేశ్వరి మెట్టు మీదే ఆగిపోయింది.

నంద్యాలలో ఆమె పదహారేళ్లు ఫిజిక్సు ల్యాబులో అటెండరు. థర్మామీటరు ఒక్కటి పగిలితే చాలు, సారు పిల్లల్ని బయటికి తోలి, కిటికీలన్నీ తెరిపించి, గంధకం పొడి చల్లించి, కాగితం ముక్కతో ఆ బొట్లు ఎత్తించి నీళ్ల సీసాలో వేయించేవాడు. చీపురు కూడా తాకనిచ్చేవాడు కాదు. అది ఒంట్లో చేరితే చేతులు, చిగుళ్లు, మతి చెడతాయని ప్రతిసారీ చెప్పేవాడు.

“అది పాదరసమక్కా! హూవర్ పెట్టినావా? వేడికి గాలైపోయి ఊపిరిలోకి పోతాది. ఆ హూవర్‌నే దినామూ తిప్పుతాండావు గదా!”

“నాకెవరు చెప్పిండ్రు? మెరుస్తుంటె ముద్దుగుంటయని చేతుల పోసుకొని ఆడిన గూడ.”

“చిగుళ్లు నొప్పా?”

“నీకెట్ల తెల్సు?”

“కోపమొస్తాందా ఊరికూరికే? మతిమరుపా?”

పుష్పలీల చెంప తడుముకుంది. నవ్వబోయింది. నవ్వు కూడా వణికింది.

పేరుకి పాదరసమే గానీ దానికి పాదాల్లేవు. పరుగు మాత్రం ఉంది. తొమ్మిదేళ్లు పరిగెత్తి పరిగెత్తి ఈ మనిషి వేళ్లలోకి చేరింది. నాగేశ్వరి ఆమెని పైకి లాక్కొచ్చింది. హూవర్ ఉన్నచోటే వదిలేసి, తలుపు మూసి, అడ్డంగా కుర్చీ పెట్టి, “లోపలికి రావద్దు” అని ఇంగ్లీషులో కాగితం అంటించింది.

మూడింటికి పెద్ద హాల్లో లెక్చర్. నాగేశ్వరి, పుష్పలీల వెనక టీ బల్ల దగ్గర నిలబడ్డారు. పుష్పలీలకి ఈ వారమంతా డ్యూటీ ఉంది మరి. తీసేసిన మనిషి చేత కూడా చివరి గంట వరకూ టీ పోయించుకోవడం సంస్థల సంస్కారం.

ప్రొఫెసరు గొంతు మెత్తగా ఉంది. పాతకాలంలో అద్దాల వెనక పాదరసం పూసే పనివాళ్ల గురించి చెబుతున్నాడు. తెర మీద అలాంటి పనివాడొకడి సంతకం చూపించాడు. చీమ సిరాలో పడి, లేచి, ఎటు పోవాలో తెలియక తిరిగినట్టుంది.

“ముందు చేతులు వణికేవి. తర్వాత మాట. యజమానులు వీళ్లని తాగుబోతులన్నారు. సామాను పగలగొడుతున్నారని పనిలోంచి తీసేశారు.”

హాల్లో చ్చొచ్చొలు వినపడ్డాయి. ఒకావిడ కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకుంది. చచ్చిపోయిన పనివాళ్ల మీద జాలికి ఖర్చేముంది! వాళ్లు సెలవడగరు, సిక్ పే అడగరు.

అప్పుడే పుష్పలీల చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడింది. చివరి వరసలో తెల్లమీసాల ఫెలో ఒకాయన, కళ్లలో నీళ్లు ఆరకుండానే, వెనక్కి తిరిగి “ష్ష్!” అన్నాడు.

పుష్పలీల రెండో చేత్తో మొదటి చేతిని పట్టుకుంది. అప్పుడు రెండూ వణికాయి.

చప్పట్లయ్యాక హార్‌గ్రీవ్ లేచాడు. మినిట్స్ పుస్తకం ఎదురుగా ఉంది, మధ్యాహ్నం నాటి మింట్ల గిన్నె కూడా పక్కనే ఉంది. అదో నవ్వుల వస్తువైపోయింది ఇవాళ.

“సోమవారం, ఆనవాయితీ ప్రకారం, మన స్థాపకుడి బారోమీటరుని సిబ్బంది తళతళలాడించి పైకి తెస్తారు.”

తలుపు దగ్గర్నుంచి నిశాంత్ కిందికి వెళ్లమని సైగ చేశాడు. నాగేశ్వరి ముందుకి నడిచింది. నిశాంత్ గబగబా వచ్చి దారిలో ఆపాడు.

“ఎక్కడికాంటీ? కిందకండీ, కిందకి.”

“పోను.”

“కాదంటే రోటాలో మీ పేరు కూడా ఉండదు. అంకుల్‌కి కూడా జాబ్ లేదు కదండీ. ఆలోచించుకోండి.”

ఆలోచించింది. హారో ఫ్లాటు కళ్ల ముందు కదిలింది. కిటికీ దగ్గర లాప్‌టాప్ తెరిచి, తెరిచిన పేజీనే చూస్తూ కూర్చునే పార్థసారథి కదిలాడు. ఆమె కాళ్లు ఒక్క క్షణం నిజంగానే ఆగాయి. వెనక కప్పు టకటకమంది. నాగేశ్వరి నిశాంత్ భుజం పక్కనుంచి వెళ్లి, తాళంచెవి మింట్ల గిన్నెలో వేసింది. ఖంగుమంది.

ఇంగ్లీషులోనే మాట్లాడింది. వ్యాకరణం అక్కడక్కడా జారింది, మాట జారలేదు.

“సార్, పొద్దున మీరు మినిట్స్ అడిగితే...” మధ్యాహ్నాన్ని పొద్దున అనేసింది, దిద్దుకోలేదు. “నేను మింట్స్ తెచ్చాను. భోజనమయ్యాక బిళ్లలు పెట్టాలని మాకు నేర్పారు, అవే అనుకున్నాను. అందరూ నవ్వారు. ఆ పుస్తకం సంగతి నాకెవరూ చెప్పలేదు. అట్లాగే పాదరసం సంగతి ఈమెకెవరూ చెప్పలేదు. మీ బారోమీటరు అడుగున కారుతోంది. తొమ్మిదేళ్లు దాన్ని హూవర్‌తో తుడిచింది, ఆ గదిలోనే అన్నం తింది. ఇందాక తెర మీద చూశారే, ఆ సంతకం ఈమె బ్యాంకులో కూడా ఉంది.”

ప్రొఫెసరు తెర మీది సంతకం చూశాడు. పుష్పలీల చేతులు చూశాడు.

“ఇప్పుడు నేను మినిట్సే అడుగుతున్నాను సార్. కప్పు పగిలిందని రాశారు కదా, ఎందుకు పగిలిందో రాయండి. తాళం తిరిగిచ్చేశానని కూడా రాయండి. నా పేరు నాగేశ్వరి. స్పెల్లింగ్ చెప్పమంటే చెబుతాను.”

హార్‌గ్రీవ్ కలం మూత తీశాడు. కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగిపోయింది.

వెనక బల్ల దగ్గర పుష్పలీల కప్పు సాసర్‌ని కొడుతూనే ఉంది. ఈసారి ఎవరూ ష్ష్ అనలేదు.