బోటు తిరగబడిందట

"అదా? బోటు తిరగబడి లేక్‌లో పోయింది" అన్నాడు ఓరిన్.

తుపాకుల బీరువాలో ఖాళీగా ఉన్న చోటు చూపించి ఏఆర్ రైఫిల్ ఏదని అడిగాను నేను. అతను చెప్పిన జవాబుకి నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు ఆ మాటకి అర్థం ఒక్కటే: నా దగ్గర ఏముందో నీకనవసరం. నీ దగ్గర ఎన్ని తుపాకులున్నాయని ఒక మనిషిని అడగడం మా ఊళ్లో బ్యాంకులో ఎంతుందని అడగడం కన్నా పెద్ద తప్పు. అడిగినవాడు గవర్నమెంటు మనిషైనా సొంత మేనమామైనా అందరికీ ఒకటే పాట. "ఉండేవండీ, ఏం చేస్తాం, బోటు తిరగబడింది." ఈ లెక్కన ఉత్తర విస్కాన్సిన్ సరస్సుల్లో చేపలకన్నా తుపాకులే ఎక్కువుండాలి.

ఇంకో రోజైతే నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఆ రోజు నేను తుపాకుల కోసం వెళ్లలేదు, ఓరిన్ ప్రాణం కాపాడటానికి వెళ్లాను.

ఓరిన్ నా తోడల్లుడు. నా భార్య మార్లిస్‌కి అక్క కొరీన్, ఆమె మొగుడు ఇతను. జబ్బుతో తీసుకుని తీసుకుని కొరీన్ జనవరిలో పోయింది. అప్పట్నుంచీ మనిషి మాట్లాడటం మానేశాడు. అంతకు ముందు రోజు మా ఇంట్లో భోజనం చేస్తూ చేస్తూ ఫోర్కు పక్కన పెట్టి, మార్లిస్ వైపు చూడకుండా, "ఇంట్లో ఆ తుపాకులుంటే నాకు భయంగా ఉంటోంది. కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. మేమూ అడగలేదు. ఒకడికి రోజులు బాగాలేకపోతే వాడి తుపాకులు ఇంకొకడు తెచ్చి దాచిపెట్టడం మాలో ఉన్నదే. మర్నాడు పొద్దున్నే పికప్ వేసుకుని వెళ్లాను.

జింకల రైఫిల్ ఇచ్చాడు. బాతుల తుపాకీ ఇచ్చాడు, పిస్తోలు ఇచ్చాడు, వాళ్ల నాన్న ఉడతలు కొట్టిన చిన్న తుపాకీ కూడా ఇచ్చాడు. అన్నీ ఇచ్చినవాడు ఆ ఒక్కటీ ఎందుకివ్వడు? అనుమానం పెనుభూతం అంటారు. నా భుజమెక్కి కూర్చోవడానికి దానికి ఎంతోసేపు పట్టదు.

ఆ ఏఆర్ మీద మా ఇద్దరికీ ఏళ్ల తరబడి తగాదా. నాకు తుపాకీ అంటే వాల్‌నట్ కర్ర ఉండాలి, ఒక గుండు పేల్చాక చేత్తో బోల్టు లాగి ఇంకోటి ఎక్కించాలి. మొదటి గుండుకే జింక పడాలన్న పట్టుదల అలా అయితేనే వస్తుందని మా నాన్న అనేవాడు. ఏఆర్ వేరే జాతి. మీట నొక్కినప్పుడల్లా ఒక గుండు పోతుంది, తర్వాతది అదే వచ్చి కూర్చుంటుంది. ఒళ్లంతా నల్ల అల్యూమినియం, ప్లాస్టిక్. "వాక్యూమ్ క్లీనర్ తెచ్చుకున్నావేంట్రా" అని ఏడిపించేవాణ్ణి. ఓరిన్‌కి కోపం వచ్చేది కాదు. "నీకు కాఫీలో పాలెందుకిష్టమో చెప్పగలవా? నాకిదీ అంతే" అనేవాడు.

అసలు కారణం అందరికీ తెలుసు. కొరీన్‌కి భుజం ఆపరేషన్ అయ్యాక పెద్ద రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకి తట్టుకోలేకపోయేది. ఇది తేలిక, తన్నదు. భుజానికి ఆనించే వెనక మడమ ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి పొడుగుమనిషి ఓరిన్‌కీ సరిపోతుంది, పొట్టి కొరీన్‌కీ సరిపోతుంది. ఇద్దరూ కలిసి దానికి కొత్త భాగాలు కొని బిగించుకుంటూ శీతాకాలాలు గడిపేశారు. గురిలో ఆమె నన్ను ఓడించిన రోజున మా షూటింగ్ క్లబ్బంతా విన్నది నా సణుగుడే. కాకిపిల్ల కాకికి ముద్దు అని సర్దుకున్నాను.

అలాంటి తుపాకీ నీళ్లలో పడితే నవ్వుతూ చెబుతాడా ఎవడైనా?

పైగా నేను బయటికొస్తూ అతని బోటు చూశాను. షెడ్డు వెనక నీలం టార్పాలిన్ కింద ఉంది. కిందటేడు రాలిన ఆకులు ఆ టార్పాలిన్‌కి ఇంకా అతుక్కునే ఉన్నాయి. లేక్ మీద మంచు విరిగి ఎన్నాళ్లయిందని? ఈ బోటు నీళ్లు చూడనే లేదు. నోరు విప్పి అడగాల్సింది. అడగలేదు. నాలుగూ దుప్పట్లో చుట్టి బండిలో పెట్టుకుని, అద్దంలో అతన్ని అనుమానంగా చూస్తూ వచ్చేశాను.

"ఎక్కడో దాచాడు" అన్నాను మార్లిస్‌తో.

"అయితే అడుగు. ఎక్కడ దాచావు అని సూటిగా అడుగు."

"అలా అడిగితే చెబుతాడేంటి?"

"ఎందుకు చెప్పడు? మీ మగాళ్లు ట్రక్కు గేర్ల గురించి గంటలు గంటలు వాగుతారు. ఎదుటి మనిషి ఎలా ఉన్నాడో అడగడానికి మాత్రం నోరు పడిపోతుంది" అంది. ఆమె కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "మా అక్క పోయింది. ఇతను కూడా పోతే నేను తట్టుకోలేను గేలెన్. చెబుతున్నా."

నేను సూటిగా వెళ్లే రకం కాదు. ముప్పై ఏళ్లు రోడ్ల మీద మంచు తోసిన డ్రైవర్ని. ఎదుటివాడి బండి ఎటు జారుతుందో వెనకనుంచే చూస్తుంటాను. అందుకని ముందు క్లబ్బుకి వెళ్లాను.

మా షూటింగ్ క్లబ్బుకి పెద్ద లొవెల్. అతనికి ఏఆర్‌లు ఎన్నున్నాయో దేవుడికీ అతని భార్యకీ మాత్రమే తెలుసు, ఆవిడకీ సగమే తెలుసని నా అనుమానం. ఎందుకన్ని అని ఒకసారి ఎవరో కుర్రతనంగా అడిగితే, "వద్దనేవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టి" అన్నాడు. ఓరిన్ గనక ఎవరి దగ్గరన్నా దాస్తే ఇతని దగ్గరే దాచాలి.

"ఓరిన్ తన ఏఆర్ నీ దగ్గరేమన్నా పెట్టాడా?"

లొవెల్ గురి అట్టలకి మేకులు కొడుతున్నవాడల్లా ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరడుగుతున్నారు?"

"నేనే. కళ్లు కనబడ్డం లేదా?"

"నువ్వేనా, నీ వెనకాల గవర్నమెంటువాళ్లెవరన్నా ఉన్నారా అని. మొన్న ఓరిన్ తుపాకులన్నీ నీ బండెక్కాయట. ఇవాళ అతనివి, రేపు నావి. ఎవరు పంపించార్రా నిన్ను?"

"మార్లిస్ పంపింది. వెళ్లి ఆవిడ మీద కేసు పెట్టుకో."

"వెటకారాలు నా దగ్గరొద్దు. ఒకడి ఇంట్లో ఏముందో అడగడానికి నువ్వెవడివి? నలభై ఏళ్ల సావాసం అయితే మాత్రం?"

ఇలాగైతే తెల్లారదని నాకర్థమైంది. చెప్పకూడదనుకున్నది చెప్పేశాను. "ఓరిన్ బాగాలేడు లొవెల్. తన మీద తనకే నమ్మకం లేక అవి మాకిచ్చాడు. అదొక్కటే కనబడటం లేదు. నాకు భయంగా ఉంది."

లొవెల్ సుత్తి బల్లమీద పెట్టాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నా దగ్గర లేదు. ఉంటే ఈ క్షణమే నీ చేతిలో పెట్టేవాణ్ణి. ఏమైందని చెప్పాడు?"

"బోటు తిరగబడిందన్నాడు."

"అయితే ఉందిరా" అన్నాడు లొవెల్, మొహం మాడ్చుకుని. "నిజంగా లేనివాడు ఆ మాట అనడు. ఇంట్లోనే పెట్టుకున్నాడు. తొందరగా పట్టుకో."

నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఆ రోజునుంచీ పొద్దునా సాయంత్రం ఏదో వంకతో ఓరిన్ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒకసారి మార్లిస్ మాంసం, బంగాళాదుంపలు వేసి ఓవెన్‌లో చేసిన హాట్‌డిష్ గిన్నె పట్టుకెళ్లాను, ఇంకోసారి నాకక్కర్లేని పానా అడగడానికి వెళ్లాను. అతను కాఫీ కలుపుతుంటే నేను సోఫా దిండ్ల మధ్య చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. కొరీన్ బట్టల అలమర తలుపు కాస్త తెరిచి ఉంటే అందులోకి తొంగి చూశాను. ఆమె వాసన ఇంకా అక్కడే ఉంది. నాకు సిగ్గేసింది. అయినా చూశాను.

 ఓరిన్ నన్ను గమనిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది.

ఆదివారం అతను చర్చిలో మాస్‌కి వెళ్లే వేళ చూసుకుని వెళ్లాను. వాళ్లు కాథలిక్కులు, మేం లూథరన్లం. మా ప్రార్థన ఆలస్యంగా మొదలవుతుంది. ఇల్లంతా వెతకడం అయిపోయింది, ఇక మిగిలింది పెరట్లో ఉన్న చేపల గుడిసె. చలికాలం లేక్ గడ్డకట్టాక మంచు మీదికి లాక్కెళ్లి, లోపల చిన్న పొయ్యి వేసుకుని, గుడిసె నేలలో ఉన్న కంతలోంచి మంచుకి రంధ్రం తొలిచి గాలం వేసుకుంటాం కదా, ఆ గుడిసె. బెంచీ కింద చూశాను, చెక్కలు ఊడదీసి చూశాను. పొయ్యి వెనక చెయ్యి పెట్టి మోచేతిదాకా మసి చేసుకున్న సమయానికి తలుపు దగ్గర నీడ పడింది.

"దొరికిందా?" అన్నాడు ఓరిన్.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను. "చర్చికి వెళ్లలేదా?"

"వెళ్లాను. కిటికీలోంచి నీ బండి ఇటు రావడం చూసి సగంలో లేచొచ్చాను."

"ఎక్కడుందిరా అది?" చివరికి అరిచాను. "నీ బోటు టార్పాలిన్ కూడా విప్పలేదు. నన్నంత వెర్రివాణ్ణి అనుకున్నావా?"

ఓరిన్ లోపలికొచ్చి బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. నేలలో ఉన్న గుండ్రటి మూత కాలితో పక్కకి తోశాడు. కింద పెరటి మట్టి కనబడింది.

"ఇందులోంచి వదిలేశాను. ఫిబ్రవరిలో. లేక్ నడిమధ్యలో ఉన్నప్పుడు."

నేను ఆ కంతలోకి వంగి చూశాను.

"బోటు తిరగబడిందనక ఏమనమంటావు? నా చేత్తో నేనే పారేశానంటే ఎందుకంటావు. ఎందుకో చెప్పాలి. మనకి దానికి వేరే మాట లేదు కదా" అన్నాడు. "మిగతావాటితో అప్పట్లో నాకు గొడవ లేదు గేలెన్. అదే నన్ను పిలిచేది. చెంప ఆనించే చోట ఆమె చెంప ఆనిన గుర్తుండేది. దాని మీద చెంప పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అలా కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు."

"మాకివ్వాల్సింది కదా?"

"నువ్వు మెత్తటివాడివి. కొరీన్‌ది, ఒక్కసారి చూసిస్తానంటే తీసిచ్చేస్తావు. ఎవరూ తిరిగివ్వలేని చోట ఉండాలనుకున్నాను."

అతని మొహంలోకి చూశాను. అబద్ధం కనబడలేదు. అయినా నా పాడు బుద్ధి ఊరుకోదు కదా. "నిజమేనా? కొరీన్ మీద ఒట్టు?"

ఓరిన్ నవ్వాడు. జనవరి తర్వాత అతను నవ్వడం నేను చూడలేదు, అది చూడాలనిపించే నవ్వు కాదు.

"నీకు అనుమానించడం కూడా చేతకాదురా" అన్నాడు. "లేక్ అడుగున ఉన్నదాని కోసం నా గోడలు విప్పుతున్నావు. నేనిచ్చిన నాలుగూ ఎక్కడున్నాయి?"

"మా నేలమాళిగలో. నా బీరువాలో. తాళం వేసి."

"నంబరు తాళం. నీ కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు తుపాకులకి నూనె పెట్టమని ఆ నంబరు నాకు చెప్పింది ఎవరు? మీ వంటింటి తలుపు ఏనాడన్నా తాళం వేశారా?"

నేను ఆ బెంచీ మీదే కూలబడ్డాను.

"కిందటి ఆదివారం మీరు చర్చిలో ఉండగా వచ్చాను" అన్నాడు ఓరిన్ నేలకేసి చూస్తూ. "మీ ఇంటిముందు బండి ఆపాను. ఇంజను మాత్రం ఆపలేదు. చాలాసేపు కూర్చుని వెళ్లిపోయాను. ఆ నంబరు మార్చమని అప్పట్నుంచీ నీకు చెబుదామనుకుంటున్నాను. నువ్వేమో వచ్చినప్పుడల్లా దిండ్లకింద వెతుక్కుంటున్నావు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఎంతెంతమందిని అనుమానించాను! లొవెల్‌ని, బోటుని, చచ్చిపోయిన మనిషి బట్టల్ని. అనుమానించాల్సిన నా ఇంటిని మాత్రం చూసుకోలేదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఓరిన్ జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు, మసి తుడుచుకోమని.

అతన్ని నా బండిలోనే ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను. అన్నీ మార్లిస్‌కి చెప్పాను, ఇంజను ఆపకుండా కూర్చున్న సంగతితో సహా. ఆమె ఓరిన్‌ని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. పై గదిలో అతనికి పక్క వేసింది. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి తను కూడా వస్తానంది. ఓరిన్ తలూపాడు. తర్వాత ముగ్గురం నేలమాళిగలోకి దిగాం.

నేను తాళం ముందు కూర్చోబోతుంటే ఓరిన్ నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు కాదు, ఆవిడ మార్చాలి. నువ్వు నాకు చెప్పేస్తావు."

"చెప్పను."

"చెబుతావురా. నేను గట్టిగా అడిగితే చెబుతావు."

పక్కకి జరిగాను. మార్లిస్ నా చేతిలోంచి టార్చిలైటు తీసుకుంది. "ఇద్దరూ అటు తిరగండి" అంది.

తిరిగాం. చిన్నపిల్లల్లా గోడకి మొహం పెట్టి పక్కపక్కన నిలబడ్డాం. వెనక మీటలు టిక్కు టిక్కుమంటున్నాయి. ఓరిన్ కళ్లు మూసుకున్నాడు. అంతటితో ఆగక చెవులు కూడా రెండు చేతులతో గట్టిగా మూసుకున్నాడు.

అది చూసి నేనూ మూసుకున్నాను.