తెగని దారాలు

చొక్కాల కర్మాగారంలో మూడో లైనుకు ముప్పై రెండు కుట్టు మిషన్లు. ఈ ఏడాది ప్రతి మిషను పక్కనా ఒక చిన్న తెర బిగించారు. మిషను నడిచినంతసేపూ తెర ఆకుపచ్చగా ఉంటుంది. రెండు నిమిషాలు ఆగిందంటే ఎర్రబడి కారణం అడుగుతుంది. లైను సూపర్‌వైజరు వచ్చి, తెరమీద కనిపించే నాలుగు కారణాల్లో ఒకటి నొక్కాలి: దారం తెగింది, బట్ట అందలేదు, కరెంటు పోయింది, మిషను చెడింది. అంతే. ఆ జాబితా రాసినవారు మిషనుకు రాగల కష్టాలన్నీ ఆలోచించారు. దాని ముందు కూర్చున్న మనిషికి రాగల కష్టం ఒక్కటీ వారికి తట్టలేదు.

ఒక ఉదయం, కాలర్లు కుట్టే అమ్మాయి కళ్లు తిరిగి మిషను మీద తల వాల్చింది. ఆమెకు నాలుగో నెల. తెర ఎర్రబడింది.

"ఒక్క క్షణం అక్కా, లేస్తాను."

"లేవకు. ముందు ఆ నీళ్లు తాగు," అంది సూపర్‌వైజరు.

ఆమె తెర వైపు చూసింది. బట్ట అందలేదంటే కోత విభాగానికి మాట వస్తుంది. మిషను చెడిందంటే మెకానిక్కు పరుగెత్తుకు రావాలి. దారం తెగడం ఎవరి తప్పూ కాదు కదా అనుకుని, అదే నొక్కింది.

పక్క మిషను మీద ఉన్నామె కిసుక్కున నవ్వింది. "నా దారం కూడా కాస్త తెంపు అక్కా, నడుము పీకేస్తోంది."

"సరే, నీదీ తెంపుతాను. నీ నోటి మిషను మాత్రం ఒక్కసారీ ఆగదు."

ఆ లైనులో అది వాడుకైపోయింది. నడుము వాల్చినా, జ్వరంతో ఉన్న బిడ్డ కోసం ఇంటికి ఫోను చేసినా, తెరమీద దారమే తెగేది.

ఇప్పుడు మెకానిక్కు సంగతి చెప్పాలి. అతడు సూపర్‌వైజరుకు సొంత పెదనాన్న. తండ్రి పోయిన పిల్లను చేరదీసి, పని నేర్పి, ఈ హాల్లోకి తెచ్చినవాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. గుమ్మంలో నిలబడే "పదకొండో మిషనుకు నూనె చాలలేదు" అనగల చెవి. ఆడవాళ్లు ఆయన్ను సూది డాక్టరు అని పిలిచేవారు.

మూడు నెలలు గడిచాక మేనేజరు సమావేశం పెట్టాడు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. తెరల లెక్కలతో కంప్యూటరు గీసిన బొమ్మ గోడమీద చూపించాడు. మిగతా లైన్లలో పొట్టిగా ఉన్న గీత మూడో లైను దగ్గర తాడిచెట్టంత లేచింది.

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదు పెద్దాయనా. మిగతా లైన్లకన్నా ఇక్కడ ఆరు రెట్లు దారం తెగుతోంది. మిషన్ల అమరికలో ఏదో లోపం ఉండాలి."

ఆయన ఆ గీతను చాలాసేపు చూశాడు. "నా చేతుల్లోనే ఉండాలి సార్," అన్నాడు.

సూపర్‌వైజరు అక్కడే నిలబడి ఉంది. నోరు విప్పితే ముప్పై ఇద్దరికి ఆ కాస్త విశ్రాంతీ పోతుంది. కాలర్ల అమ్మాయికి అప్పుడు ఏడో నెల. పోనీ పెదనాన్న ఒక్కడికే చెబుదామంటే, ఆయన కడుపులో అబద్ధం నిలవదు. మర్నాడే వెళ్లి మేనేజరుకు చెప్పేస్తాడు. అలా ఒక మంచి కారణం ఆమె నోరు కట్టేసింది.

ఆయన సెలవురోజుల్లో వచ్చి మిషన్లన్నీ విప్పాడు. హుక్కులు మార్చాడు, బిగువులు సరిచేశాడు. కంటివైద్యుడి దగ్గరికి వెళ్లి కొత్త అద్దాలు తెచ్చుకున్నాడు. ఎండలు ముదిరాయి. ఆడవాళ్లకు విశ్రాంతి అవసరం పెరిగింది, గీత ఇంకా లేచింది. రెండు నెలలకు ఆయన రాజీనామా కాగితం ఇచ్చాడు. పొమ్మని ఎవరూ అనలేదు. పని తన చేతిని వదిలిపోయిందని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి సూపర్‌వైజరు వేలు 'దారం తెగింది' అన్న మాట మీదికి వెళ్లలేదు. కాలర్ల అమ్మాయి అప్పటికే పురిటికి వెళ్లింది. మిగతావారు దాహాన్నీ నొప్పినీ దిగమింగి కుట్టారు. నెల తిరిగేసరికి బోర్డు మీద కాగితం వెలిసింది: 'కొత్త మెకానిక్కు వచ్చాక మూడో లైనులో దారం తెగడం తొంభై శాతం తగ్గింది.'

అది చదివి ఆమె తిన్నగా మేనేజరు గదికి నడిచి, ఉన్నదంతా చెప్పింది. అతడు లేచి, "ఆయన ఇల్లు చూపించండి," అన్నాడు.

పెదనాన్న ఉన్న ఒక్క కుర్చీనీ మేనేజరుకు వేసి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరూ చెప్పింది శ్రద్ధగా విన్నాడు.

"నేను మానేశాక తెగడం ఆగిపోయిందట కదా సార్. బోర్డు చూసినవాళ్లు వచ్చి చెప్పారు. మరి దానికేమంటారు?"

"నేను నొక్కడం మానేశాను పెదనాన్నా! అందుకే ఆగింది. ఆ దారాలు అసలు తెగనే లేదు."

ఆయన ఆమె తల నిమిరాడు. "చిన్నప్పటి నుంచీ ఇంతే సార్. ఎవరి కంట నీరు చూసినా నేరం తన నెత్తిన వేసుకుంటుంది."

"పెద్దాయనా, నా మాట నమ్మండి. మళ్లీ పనిలోకి రండి."

"వద్దు సార్. మీరింత దూరం వచ్చారు, అది చాలు. ఆడవాళ్ల వేళ్ల పక్కనే తిరిగే సూది అది. తనమీద తనకే నమ్మకం లేని చెయ్యి దాన్ని తాకకూడదు."

మెట్లు దిగుతూ మేనేజరు, "రేపే 'మనిషికి విశ్రాంతి' అని ఐదో కారణం చేరుస్తాను," అన్నాడు.

"చేర్చండి సార్," అంది ఆమె కన్నీళ్లు తుడుచుకోకుండానే. "కానీ రేపు ఆరో కష్టం వస్తుంది. కంప్యూటరు తనలోకి చేరిందే చెబుతుంది, అందులో దాని తప్పు లేదు. అందులో చేరని నిజం కోసం మీరు కుర్చీ దిగి వచ్చి మనిషిని అడగాలి. అడిగేవారు లేనిచోట మా జాలి కూడా అబద్ధంగా మారి, ఏ పాపమూ ఎరగని వాడి మెడకు చుట్టుకుంటుంది."