గీతతో కాపురం

మేజోడు తొడుక్కునే ముందు అతను ఎడమ బొటనవేలిని ఒకసారి పలకరించినట్టుగా చూసుకున్నాడు. గోరు నల్లగా ఉంది. పదిహేడేళ్ళ ఆటలో అది తొమ్మిదిసార్లు ఊడి తొమ్మిదిసార్లు మొలిచింది. దాని పట్టుదలకి అతనికే ముచ్చటేసేది. ఎడమ బూటు ముందు, కుడి బూటు తర్వాత. తలుపు పక్క కొక్కెం కింద, ఒక కాలు అరిగిపోయి కుంటే బల్ల చివర కూర్చుని, లేసును బూటు చుట్టూ ఒక చుట్టు తిప్పి ముడి బయటివైపుకి లాగి బిగించాడు. ముడి పైన ఉంటే బంతి దానికి తగిలి పక్కదోవ పడుతుంది.

డ్రెస్సింగ్ రూమంతా పిక్కలకి రాసుకునే మందు వాసన, తడి తువ్వాళ్ళ వాసన.

"అన్నా, ఆ మందు సీసా ఇటు పడెయ్. నువ్వెలాగూ కూర్చోడానికేగా," అన్నాడు ఈ ఏడాది అతని స్థానంలోకి వచ్చిన కొత్త వింగర్. అనేసి నాలుక కరుచుకున్నాడు.

"కూర్చోడానికి మాత్రం నడుం గట్టిగా ఉండొద్దట్రా?" అంటూ అతను సీసా విసిరాడు. గది ఘొల్లుమంది.

అతనూ నవ్వాడు. సంచి పక్క జేబులో తొమ్మిది రోజులుగా మడతపెట్టి ఉన్న ఉత్తరం సంగతి ఆ గదిలో కోచ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చే సీజనుకి ఒప్పందం పొడిగించడం లేదని, ఇన్నాళ్ళ సేవకి కృతజ్ఞతలని క్లబ్బువాళ్ళు నాలుగు వాక్యాల్లో రాశారు. సీజనుకి ఇవాళ్టిదే ఆఖరి ఆట. అంటే అతనికీ ఇదే ఆఖరిది. ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉత్తరం కాదు, సున్నం.

వింగర్ అంటే గీత పక్కన బతికేవాడు. మైదానం అంచున సున్నంతో గీసిన ఆ పొడుగాటి తెల్ల గీత దాటితే బంతి బయటికి పోయినట్టే. దాన్ని విడిచి లోపలికి జరిగితే ఇక వింగర్ ఉన్నా లేనట్టే. పదిహేడేళ్ళ వయసులో అతన్ని చేర్చుకున్న ముసలి కోచ్ మొదటిరోజే చెప్పాడు. "నీకు ఎడంకాలు తప్ప ఇంకేం లేదు. ఫరవాలేదు, అది చాలు. గీతని గోడనుకో. గోడకి ఆనుకున్నవాణ్ణి వెనకనించి ఎవడూ కొట్టలేడు."

అతను ఆ మాట పట్టుకుని పదిహేడేళ్ళు పరిగెత్తాడు. పరుగు, చివర ఒక మలుపు, బంతిని గోలు ముందుకి ఎత్తి వేయడం. తలతో కొట్టి గోలు చేసేది వేరేవాడు. ముఖ్యంగా ఒకడు, ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునే స్నేహితుడు. మరునాటి పేపర్లో బావ పేరు పడేది. ఒక్కసారి మాత్రం ఫొటో కూడా పడింది. గాల్లో ఎగిరిన బావ నిండుగా ఉన్నాడు. ఎడమవైపు అంచున, కత్తిరించగా మిగిలిన ఒక మోకాలు, సగం మోచేయి. అతని భార్య దాన్ని పటం కట్టించి గోడకి తగిలించింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపించేది. "ఈ మోకాలు మావారిది."

ఆ భార్యకీ గీతకీ పరిచయం చిత్రంగా జరిగింది. పెళ్ళయిన ఐదో రోజున జట్టువాళ్ళు ఇంటికి టీకి వచ్చారు. కొత్త పెళ్ళికూతురు వంటగదిలో కప్పులు సర్దుతుంటే ముందుగదిలోంచి బావ గొంతు వినపడింది.

"ఏం బావా, పెళ్ళయిందిగా. ఇకనైనా గీతని వదుల్తావా?"

"ప్రాణం పోయినా వదల్ను. శనివారం శనివారం దాన్ని చూడకపోతే నాకు తిండి సయించదు."

ఆరోజు ఎవరి టీలోనూ చక్కెర పడలేదు. మూడురోజులు ఇంట్లో గిన్నెలు తప్ప మనుషులెవరూ మాట్లాడలేదు. ఏం తప్పు చేశానో తెలియక అతను గదులన్నీ రెండేసిసార్లు ఊడ్చాడు. నాలుగో రోజు పొద్దున్న ఆవిడ గోడవైపు తిరిగి అడిగింది. "గీత ఎవరు?"

అతను చెప్పులేసుకోమన్నాడు. చెయ్యి పట్టుకుని ఖాళీ మైదానానికి తీసుకువెళ్ళి, ఎడమ అంచున నిలబెట్టి చూపించాడు. "ఇదే."

ఆవిడ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. "వంద మీటర్ల పొడుగు సవతి," అంది. అని, నవ్వు ఆపుకోలేక దానిమీదే చతికిలబడింది. ఇద్దరూ ఒంటినిండా సున్నంతో ఇంటికి నడిచారు. దారిలో ఎవరేమనుకున్నారో ఆ ఇద్దరికీ పట్టలేదు.

అప్పట్నుంచి గీత పేరు సవతి. ఆవిడ పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో శనివారమే రద్దీ. అందుకని ఆటలకి వచ్చింది రెండుసార్లే. రెండోసారి అతని పిక్క చీలి ఆరు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎంత పిలిచినా రాలేదు. బదులుగా బూటు చదవడం నేర్చుకుంది. సాయంత్రం అతను బూట్లు గడప బయట విడిస్తే, ఒక మగ్గు నీళ్ళు, పాత పళ్ళబ్రష్ పట్టుకుని మెట్టుమీద కూర్చునేది. ఎడమ బూటు బయటి అంచు తెల్లగా ఉంటే ఆట బాగా సాగినట్టు. "ఈవేళ సవతి బాగా అతుక్కుందే," అనేది. తెలుపు పలచగా ఉంటే, "ఏం, అలిగిందా?" కుడి బూటుకి మాత్రం ఎన్నడూ అంటలేదు. ముందుకి వెళ్ళేటప్పుడు గీత పట్టుకుని వెళ్ళేవాడే గాని, తిరిగి వచ్చేటప్పుడు లోపలినుంచి అడ్డదారిన వచ్చేవాడు.

ఈ సీజను రెండో ఆట తర్వాత అతన్ని బెంచిమీద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది ఎవరో కాదు, మోకాలు పోయి ముందే ఆట మానేసి, ఇప్పుడు అదే జట్టుకి కోచ్ అయిన బావ. ఆ మొదటి శనివారం అతను శుభ్రమైన బూట్లతో ఇంటిదాకా వెళ్ళి, వీధి మలుపులో ఆగిపోయాడు. మెట్టుమీద మగ్గు, బ్రష్, వాటి పక్కన ఎదురుచూస్తూ ఆవిడ. వెనక్కి తిరిగి మైదానానికి వెళ్ళాడు. ఎవరూ లేని ఆ అంచున ఎడమకాలు ఈడ్చుకుంటూ పదడుగులు నడిచాడు. ఆ పదడుగులు అలవాటయ్యాయి. సీజనంతా ప్రతి శనివారం దొంగ సున్నమే ఇల్లు చేరింది.

అందుకే ఇవాళ అతనికి కావలసింది ఐదే నిమిషాలు. ఒక్కసారి నిజంగా పరిగెత్తి, నిజమైన సున్నం అంటిన బూటు ఆవిడ చేతికిచ్చి, ఆ తర్వాత ఉత్తరం సంగతి చెప్పాలి. దొంగ సున్నం మీద ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఆట మూడున్నరకి మొదలైంది. బెంచి వెనకే ఇనుప కమ్మీ, కమ్మీకి ఆనుకుని ఎప్పటిలాగే కళ్ళజోడాయన. పదకొండేళ్ళుగా ఆయన అక్కడే నిలబడి అతన్ని తిట్టాడు. వింగర్ ఆడేది జనానికి గజం దూరంలో కాబట్టి ప్రతి తిట్టూ పేరుపేరునా వినపడేది. "ఏమయ్యా, ఆ పరుగుకి నా నీడ ముందుంటుంది!" అని ఆయన అరిస్తే అతనికి ఒళ్ళు మండి కాళ్ళు ఇంకాస్త లేచేవి. ఈ ఏడాది ఆయన గొంతు బాగా తగ్గింది.

మొదటి సగంలో వాళ్ళొక గోలు, రెండో సగంలో వీళ్ళొక గోలు. తొంభై నిమిషాల ఆటలో గడియారం ఎనభై ఐదు దాటింది. అతను అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిది రోజులుగా అతని కళ్ళలోకి చూడని బావ, ఇప్పుడు కూడా మైదానంవైపే చూస్తూ అన్నాడు.

"బావా, లే."

జెర్సీ సర్దుకుని గీత దగ్గరికి నడిచాడు. బంతి బయటికి పోగానే కొత్త వింగర్ వస్తాడు, అతను వెళతాడు. అంతే పని. రెండు పాదాలూ గీతమీద పెట్టి నిలబడ్డాడు.

బంతి బయటికి పోలేదు. ఎప్పుడూ చీటికిమాటికి పోయే బంతి ఇవాళ లోపలే తిరుగుతోంది. ఒక నిమిషం. రెండు. అతను గీతమీదే కాళ్ళు మార్చి మార్చి తొక్కుతున్నాడు.

"ఏమయ్యా, బస్సు కోసమా?" కమ్మీ దగ్గరి గొంతు చాలా రోజులకి ప్రాణం పోసుకుంది. "ఈ దారిన రాదు!"

ఆట ముగియడానికి నిమిషం కూడా లేదనగా బంతి కొత్త వింగర్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాడు గీత వెంట వస్తున్నాడు, సరిగ్గా అతనున్నవైపే. నాలుగడుగుల దూరంలో తలెత్తి చూశాడు. ఎదురుగా అన్న. బంతిని పక్కకి ఒక్క తోపు తోస్తే చాలు, అన్న లోపలికి వస్తాడు. వాడి కాలు ఆ పనికి సిద్ధమవడం అతనికి కనిపించింది. అదే సమయంలో వాడి ముందు దారంతా ఖాళీగా ఉండడమూ కనిపించింది. పదిహేడేళ్ళుగా ఆ ఖాళీ కోసమే అతను కళ్ళు పెట్టుకుని బతికాడు.

"ఆగకు! గీత పట్టుకుని పో!"

ఆ కేక అతనిదేనని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది. వాడు పోయాడు. అతని పాదాలు దాటి, గాలి తగిలేంత దగ్గరగా, గోడకి ఆనుకున్నట్టే పోయాడు. చివర మలుపు తిరిగి బంతిని ఎత్తి వేశాడు. బాగా వేశాడు. అయినా అవతలి గోల్‌కీపర్ పైకి లేచి రెండు చేతులా పట్టేశాడు. రిఫరీ ఈల ఊదాడు.

ఒకటి ఒకటి. ఆట అయిపోయింది. అతను ఇంకా గీతమీదే ఉన్నాడు.

కమ్మీ దగ్గర కళ్ళజోడాయన జోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. బావ వచ్చి భుజమ్మీద చెయ్యి వేశాడు. "నేను ముందే లేపాల్సింది."

"వాడు బాగా వేశాడు," అన్నాడు అతను. "గోలు ముందు నువ్వుంటే నీ తలకి తగిలేది."

బావ తల అటు తిప్పుకున్నాడు.

కొక్కెం ఖాళీ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బూట్లు విప్పలేదు, అలాగే నడిచాడు. గేటు దగ్గర కాపలాదారు తాళాల గుత్తి ఆడిస్తూ అడిగాడు. "మళ్ళీ ఎప్పుడు తియ్యాలి బాబూ?"

"వాళ్ళు చెప్తార్లే."

పదిహేడేళ్ళలో మొదటిసారి ‘మనం’ అనే చోట ‘వాళ్ళు’ అన్నాడు. కాపలాదారు గమనించలేదు. తలూపి గేటు వేశాడు.

ఇంటి దగ్గర ఇంకా ఎండ ఉంది. ఆవిడ దుకాణంనుంచి అప్పుడే వచ్చినట్టుంది, మెట్టుమీద మగ్గు, మగ్గుమీద అడ్డంగా బ్రష్ పెట్టి కూర్చుంది. అతను బూట్లు విప్పి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఎడమది తీసుకోబోయి ఆగింది.

"ఇదేంటి, ఇవాళ రెండిటికీనా?"

"నిలబడ్డాను."

"అంటే?"

"ఆటలోకి దిగమన్నారు. బంతి బయటికి పోలేదు." ఆవిడ పక్కన కూర్చున్నాడు. "ఈ సీజనంతా నేను దిగలేదు. మొదట్లో రెండు ఆటలంతే. ప్రతి శనివారం నేను..."

"రుద్దుకొచ్చారు," అంది ఆవిడ.

అతను తల తిప్పి ఆవిడవైపు చూశాడు.

"రోజంతా అద్దాలమీద గీతలు వెతికే పని నాది. ఆమాత్రం తెలీదా? పరిగెత్తినప్పుడు అంటుకున్న సున్నం కుట్లలోకి పోతుంది. గడ్డి పసరుతో కలిసి నానబెడితే గాని రాదు. మీరు తెచ్చింది ఉఫ్ అంటే పోయేది." ఆవిడ కొంగు లేని భుజం ఎగరేసింది. "పైగా మీ తిట్లాయన జోడు మరలు బిగించుకోడానికి మా దుకాణానికే వస్తాడు. మీవారిని కూర్చోబెట్టారమ్మా, తిట్టడానికి మనిషి లేక నోరు పాడైపోతోంది అన్నాడు."

"మరి అడగలేదేం?"

"పువ్వులు తెచ్చే మొగుళ్ళుంటారు. నాకు సున్నం తెచ్చే మొగుడు దొరికాడు. వద్దంటానా?"

అతను నవ్వాడు. సంచి జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు. ఆవిడ నాలుగు వాక్యాలూ చదివి, పైన తారీకు చూసింది. తొమ్మిది రోజులూ ఒంటరిగా మోసినందుకు ఏదో అనబోయి మానుకుంది. కాగితాన్ని పాత మడతల్లోనే మడిచింది.

"అయితే సవతి వెళ్ళిపోయినట్టే."

"ఊఁ."

"పాపం," అంది. "మంచిది. ఏనాడూ నాతో గొడవ పడలేదు." మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది. కుడి బూటు చేతిలోకి తీసుకుని, దుకాణంలో అద్దాన్ని చూసినట్టు వెలుతురుకి తిప్పి చూసింది. కుట్లలో, లేసు కన్నాల్లో, ముడి మడతల్లో సున్నం బిగుసుకుని ఉంది. "ఇది నిజమైనదే," అని బూటుని జాగ్రత్తగా, ఉన్నచోటనే పెట్టింది. "పదండి. టీ చల్లారిపోతోంది."

"బూట్లు?"

"ఉండనీండి."

లోపల కప్పుల చప్పుడైంది, తర్వాత ఆవిడ ఏదో అనడం, అతను నవ్వడం. మెట్టుమీద తెల్లటి బూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎడమది ఒక వేలు ముందుకి. పక్కన మగ్గులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి, వాటిమీద అడ్డంగా పెట్టిన పాత పళ్ళబ్రష్ ఆ సాయంత్రం తడవలేదు.